కప్పు చాయ్‌కి ఒక కుర్చీ

హైదరాబాద్‌లో ఎక్కడ తినాలి, ఎక్కడ తాగాలి, సాయంత్రం పూట ఎటు వెళ్లాలి అని అడిగితే ఇవాళ జవాబులకు కొదవ లేదు. బిర్యానీకి ఫలానా చోటు, హలీంకు ఫలానా గల్లీ, కాఫీకి ఫలానా రోడ్డు అని ఎవరి జాబితా వారు చెబుతారు. ఈ జాబితాలన్నీ రుచినీ ధరనీ హంగులనీ లెక్కగడతాయి. అక్కడ మనిషిని ఎంతసేపు కూర్చోనిస్తారన్న లెక్క మాత్రం ఎవరూ వేయరు. నా దృష్టిలో ఒక నగరం గుణం తెలిసేది ఆ లెక్కలోనే. జేబులో చిల్లర తప్ప మరేమీ లేని మనిషికి నీడపట్టున కుర్చీ, ముందు ఒక బల్ల, ఎదురుగా మాట్లాడే తోడు దొరుకుతాయా లేదా? హైదరాబాద్‌లో ఈ ప్రశ్నకు దశాబ్దాల పాటు దొరుకుతాయని జవాబు చెప్పింది ఇరానీ హోటల్. దాని చరిత్రను చాయ్ చరిత్రగా చదివితే సగమే చదివినట్టు. అది ఈ ఊళ్లో సామాన్యుడు కూర్చునే హక్కు చరిత్ర కూడా.

ఈ ఊరికి ఇరాన్‌తో బంధం పుట్టుకతో వచ్చింది. 1591లో నగరానికి పునాది వేసిన కుతుబ్‌షాహీల మూలాలు అక్కడివే. నగర నిర్మాణానికి రూపురేఖలు దిద్దిన మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ వాడు. 1880ల దాకా నిజాం సర్కారు దఫ్తరాల్లో ఫార్సీయే నడిచింది. అయితే హోటళ్లు పెట్టినవాళ్లు ఆ దర్బారు ఇరానీలు కారు. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యజ్ద్, కెర్మాన్ వంటి ప్రాంతాల నుంచి బతుకుతెరువు కోసం బొంబాయి, పుణె, హైదరాబాద్‌లకు చేరిన మామూలు జనం వాళ్లు. 1870-72 నాటి ఘోర కరువు ఇరాన్‌ను ఎంతగా కుదిపిందో తలచుకుంటే ఆ వలసల వెనుక ఉన్న ఆకలి అర్థమవుతుంది. వాళ్లలో జొరాస్ట్రియన్లూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. మూలమలుపు స్థలాలు అచ్చిరావని స్థానిక వ్యాపారులు వదిలేస్తే వీళ్లు తీసుకున్నారని తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ నమ్మకం సంగతి ఎలా ఉన్నా, వ్యాపారానికి ఆ మలుపు బాగా కలిసొచ్చింది. రెండు రోడ్ల మీదికి తెరుచుకునే హోటల్‌కు రెండు రోడ్ల జనమూ వస్తారు, గాలీ వెలుతురూ ఉచితం.

ఇరాన్‌లో చాయ్ అంటే పాలు కలపని టీ. చక్కెర ముక్కను నోట్లో పెట్టుకుని తాగడం అక్కడి అలవాటు. మనం ఇరానీ చాయ్ అని పిలుచుకునేది మాత్రం ఇక్కడ పుట్టిన పానీయం. టీపొడిని పెద్ద గిన్నెలో మూత బిగించి, బిర్యానీకి దమ్ పెట్టినట్టే సన్నని సెగ మీద మగ్గనిస్తారు. పాలను వేరుగా చిక్కబడేదాకా కాస్తారు. అడిగినప్పుడు కప్పులో ముందు డికాక్షన్, దాని మీద పాలు పోస్తారు. చెంచా నిలబడేంత చక్కెర కావాలంటే ‘ఖడా చమచ్’ అనాలి. పక్కనే తీపీ ఉప్పూ కలిసిన ఉస్మానియా బిస్కెట్, ఉల్లిపాయ నింపిన చిన్న సమోసా, కీమా కూరిన లుఖ్మీ. ఈ వంటకాలన్నింటికంటే గొప్ప ఆవిష్కరణ అని నేననేది మూడు మాటల ఆర్డరును. అదే ‘వన్ బై టూ’. ఒక చాయ్ చెప్పి ఇద్దరు పంచుకుంటారు. బేరర్ మొహం చిట్లించడు, గల్లా దగ్గర కూర్చున్న సేఠ్ అభ్యంతరం చెప్పడు. అంటే ఒక్క కప్పు ధరకు రెండు కుర్చీలు. కూర్చునే హక్కును అంత చవగ్గా అమ్మిన వ్యాపారం ఈ ఊళ్లో మరొకటి కనబడదు.

ఆ చవకతనం విలువ తెలియాలంటే ఆ కాలంలో మిగతాచోట్ల పరిస్థితి గుర్తుచేసుకోవాలి. బ్రిటిష్ హయాంలో రైల్వే స్టేషన్లలో హిందువులకు వేరు నీళ్లు, ముస్లింలకు వేరు నీళ్లు. మద్రాసు రాష్ట్రంలో బ్రాహ్మణ హోటల్ అన్న బోర్డుల మీద 1950ల్లో కూడా ఆందోళనలు జరిగాయి. తెలుగు పల్లెల్లో టీకొట్టు ముందు దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి మన కళ్ల ముందటి చరిత్రే. హోటళ్లలోకి ఎవరినీ మతం, కులం పేరుతో అడ్డుకోకూడదని రాజ్యాంగం 15వ అధికరణలో ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే, తిండి దగ్గర గీసిన గీతలు ఎంత బలమైనవో తెలుస్తుంది. పరదేశి అయిన ఇరానీకి మన కులం పట్టింపులతో పని లేదు. వచ్చినవాడు చాయ్ డబ్బులిస్తే చాలు. అదే పాలరాతి బల్ల, అవే పింగాణీ కప్పులు. గుమాస్తా, రిక్షా కార్మికుడు, కాలేజీ కుర్రాడు, ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగిన మనిషి పక్కపక్కన కూర్చున్నారు. ఇది సంఘసంస్కరణ ఉద్యమం కాదు. అయినా ఉపన్యాసాలు సాధించలేని ఒక అలవాటును అది రోజువారీగా నేర్పింది.

కూర్చున్నచోట మాట పుడుతుంది. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్ మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులకూ, రాజకీయ కార్యకర్తలకూ, పత్రికల వాళ్లకూ అడ్డాగా పేరుపడింది. సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట ఆల్ఫా హోటల్ వేళాపాళా లేని ప్రయాణికులకు ఆసరా అయింది. ఇవాళ బిర్యానీకి మారుపేరైన ప్యారడైజ్ కూడా 1953లో ఒక సినిమా థియేటర్ క్యాంటీన్‌గా మొదలైందే. బొంబాయి ఇరానీ హోటళ్లలో గోడ మీద వేలాడే నిషేధాల బోర్డులు ఎంత ప్రసిద్ధమంటే, ఇంగ్లిష్‌లో రాసిన మన కవి నిస్సీం ఎజకియెల్ వాటి మీద కవితే రాశాడు. ఇది చేయరాదు, అది చేయరాదు అని అన్నన్ని ఆంక్షలు రాయాల్సి వచ్చిందంటే, జనం అక్కడ ఎంత చనువుగా గడిపేవారో వేరే చెప్పాలా?

ఇదంతా మగవాళ్ల జ్ఞాపకమే కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఇరానీ హోటల్ పెద్ద హాలు చాలాకాలం మగవాళ్లదే. ఆడవాళ్లు వస్తే పరదా కట్టిన ఫ్యామిలీ రూమ్‌లోకి పంపేవారు. అందరికీ చోటు అన్న మాటకు అది పెద్ద మినహాయింపు. ఒక అమ్మాయి ఒంటరిగా కూర్చుని పుస్తకం చదువుకునే వీలును ఈ నగరంలో పెంచింది కొత్తతరం కాఫీ షాపులే. ఆ మేలు ఒప్పుకోవాలి. కానీ ఆ కుర్చీ ధర ఒక కప్పు కాఫీకి వందల రూపాయలు. బట్టల దుకాణంలో రోజంతా నిలబడి పనిచేసే అమ్మాయికి అది అందదు. పాత హోటల్ ఆమెకు పరదా అడ్డం పెట్టింది, కొత్త హోటల్ బిల్లు అడ్డం పెడుతోంది. ఇరానీ హోటల్ లోపం చూపించి దాని సూత్రాన్ని వదులుకుంటే నష్టపోయేది ఆమే. ఆ చవక కుర్చీ ఆమెకూ దక్కాలి.

చాయ్ తాగి గంట కూర్చుంటే వ్యాపారం ఎలా గిట్టుబాటవుతుందన్నది రెండో ఆక్షేపణ. ఇన్నాళ్లు గిట్టుబాటైంది కదా అన్నది సగం జవాబే. తెల్లవారకముందే పొయ్యి వెలిగించి అర్ధరాత్రి దాకా నడిపే పని గంటలు, గల్లా దగ్గర కుటుంబసభ్యులే కూర్చోవడం, చాయ్ పక్కన బేకరీ సరుకు అమ్మకం, అన్నింటికీ మించి పాత అద్దెలు ఆ వ్యాపారాన్ని నిలబెట్టాయి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నీడలో పాత కిరాయిదారుకు కొంత భద్రత ఉండేది. నగరం పెరిగేకొద్దీ అదే మూలమలుపు స్థలం బంగారమైంది. దాని మీద బహుళ అంతస్తుల భవనం లేస్తే వచ్చే రాబడి ముందు ఎన్ని కప్పుల చాయ్ అమ్మినా తూగదు. పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. అందుకే హోటళ్లు ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. జనానికి చాయ్ మీద మోజు తగ్గిందనడానికి ఆధారం లేదు. భూమి ధర కుర్చీని మింగేసింది.

ఇరానీ చాయ్ ఇప్పుడే వెలిగిపోతోంది కదా, ఈ బెంగ ఎందుకన్నది మూడో మాట. నిజమే, చార్మినార్ పక్కన నిమ్రా ముందు పొద్దున్నే జనం గుంపు కడతారు. రెడ్‌హిల్స్‌లో పుట్టిన నీలోఫర్ పేరు ఇవాళ నగరమంతా వినిపిస్తోంది. చాయ్ గొలుసు దుకాణాలు గల్లీగల్లీకీ వచ్చాయి. అయితే వాటిలో చాలాచోట్ల చాయ్ తాగేది నిలబడి. కౌంటర్ దగ్గర కప్పు అందుకుని, ఫుట్‌పాత్ మీద నాలుగు గుటకలు వేసి, కదలాలి. రుచి బతికింది, చోటు పోయింది. కప్పు మీద ఇరానీ అన్న పేరు రాసుకున్నంత మాత్రాన అది ఇరానీ హోటల్ అయిపోదు.

చార్మినార్‌ను కాపాడుకోవాలంటే ఎవరికీ నచ్చజెప్పక్కర్లేదు. పాలరాతి బల్ల వారసత్వమని ఒప్పించడం కష్టం, ఎందుకంటే దాన్ని కాపాడటమంటే వాడుకను కాపాడటం. ఆ పని చేతనైనంతలో ఎవరైనా మొదలుపెట్టవచ్చు. పాత హోటళ్ల అద్దె, పన్నుల విషయంలో ప్రభుత్వం వెసులుబాటు ఇవ్వాలి. బస్టాండ్లు, మెట్రో స్టేషన్లు, మార్కెట్లు కట్టేటప్పుడు పది రూపాయల చాయ్‌తో ఆడా మగా కూర్చోగల గది ఒకటి ప్లానులోనే ఉండాలి. పాఠకులకు నా విన్నపం ఒక్కటే. ఈ ఆదివారం మీ పేటలో మిగిలిన పాత హోటల్‌కు వెళ్లండి. పార్సిల్ తీసుకోకండి. ఇంట్లో ఆడవాళ్లనూ వెంట తీసుకెళ్లి, పెద్ద హాల్లోనే కూర్చుని, వన్ బై టూ చెప్పండి. కుర్చీ ఖాళీగా ఉంటే యజమాని తీసేస్తాడు. మనిషి కూర్చుని ఉంటే తీయలేడు.