పాలడిన్ పక్కన దొంగ

ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి బల్ల చుట్టూ కూర్చుని ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటకు ‘గ్రేహాక్’ అనే అనుబంధ పుస్తకం వచ్చి యాభై ఏళ్లు నిండాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేసిన ఆ ఆట 1974లో అమెరికాలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెయ్యి పెట్టెలతో బయల్దేరింది. అప్పుడు అందులో యోధుడు, మాంత్రికుడు, పూజారి అని మూడే రకాల పాత్రలు. 1975లో గ్రేహాక్ ఇంకో ఇద్దరిని తెచ్చింది. ఒకడు పాలడిన్, రెండోవాడు దొంగ. నాకు ఈ ఆట మీద మమకారం పుట్టింది ఆ ఇద్దరి వల్లే.

పాలడిన్ పాతకాలం మనిషి. రోమ్‌లోని పాలటైన్ కొండ పేరు నుంచి వచ్చిన ఆ మాట షార్లమేన్ చక్రవర్తి కొలువులోని వీరులకు బిరుదైంది. వాళ్లలో రోలాండ్ 778లో రాన్సెవో కనుమలో చనిపోయాడు. మూడు వందల ఏళ్ల తర్వాత అతడి మీద కావ్యం పుట్టింది. అక్కణ్నుంచి ఒక్క గెంతు వేస్తే 1961లో పోల్ ఆండర్సన్ నవల ‘త్రీ హార్ట్స్ అండ్ త్రీ లయన్స్’. ఆటలోని పాలడిన్‌కు అచ్చు అదే. దొంగకు ఇంత ఘనమైన వంశం లేదు. ఫ్రిట్జ్ లైబర్ కథల్లోని గ్రే మౌజర్ లాంటి గడుగ్గాయిలే వాడి చుట్టాలు.

1978 నాటి ఆటగాళ్ల పుస్తకం ఇద్దరికీ హద్దులు గీసింది. పాలడిన్ చెయ్యి వేస్తే గాయం మానుతుంది, రోగం వాడి దరి చేరదు. బదులుగా సంపాదనలో పదో వంతు దానం చెయ్యాలి, మహిమగల వస్తువులు పదికి మించి ఉంచుకోకూడదు. తెలిసి ఒక్క పాపం చేసినా ఆ శక్తి మళ్లీ రాదు. దొంగకు మొదటి మెట్టులో తాళం తీయగల అవకాశం వందకు 25, నీడలో దాక్కోగలిగేది వందకు 10. పైగా మంచివాళ్లు కానివాళ్లతో పాలడిన్ కలకాలం తిరగకూడదు. తటస్థులతోనైతే మంచి పని కోసం ఒక్క ప్రయాణం చెయ్యొచ్చు. ఇలాంటి ఇద్దరినీ ఒకే చీకటి గుహలోకి పంపడమే ఈ ఆట గొప్పదనం.

గైగాక్స్ రాసిన ‘ద కీప్ ఆన్ ద బోర్డర్‌లాండ్స్’ సాహసగాథలోని గుహల్లో రాక్షస మూకలతోపాటు వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉంటారు. కత్తి ఎత్తని పిల్లల్ని ఏం చెయ్యాలి? మా బల్ల దగ్గరా అదే ప్రశ్న వచ్చింది. నేను పాలడిన్, మా బావ దొంగ. చేతులు కట్టేసిన గాబ్లిన్ పిల్లాడు మా మధ్యలో ఉన్నాడు. వదిలితే పెద్దవాళ్లని లేపుతాడు. నేను తేల్చుకోలేక పాచిక చేతిలో తిప్పుతున్నాను.

‘‘నువ్వు అటు తిరిగి ప్రార్థన చేసుకో బావా, నేను చూసుకుంటా’’ అన్నాడు.

తిరిగాను. చంపుతాడని తెలిసే తిరిగాను.

వాడు కట్లు కోసి, దారి బత్తెం నుంచి రొట్టె ముక్క చేతిలో పెట్టి పిల్లాణ్ని వెనక దారిన పంపేశాడు. కాసేపటికి బావ దొంగకు బాణం తగిలింది. నేను చెయ్యి వేశాను. ఆట నడిపేవాడు నా వైపు చూసి ‘‘గాయం మానలేదు’’ అన్నాడు. బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. ఆ తీర్పు సరైందేనని ఇవాళ్టికీ నా నమ్మకం.

తర్వాతి కూర్పులు వరస తప్పాయి. 2000లో దొంగ పేరు ‘రోగ్’గా మారింది. 2008లో పాలడిన్ ఏ గుణం వాడైనా కావచ్చన్నారు. 2014లో పాలడిన్‌కు ప్రమాణాలు వచ్చాయి, ప్రతీకారానికి కూడా ఒక ప్రమాణం. 2023 నాటి ‘బాల్డర్స్ గేట్ 3’ వీడియో గేమ్‌లో ప్రమాణం తప్పితే నల్ల కవచం వీరుడొకడు ప్రత్యక్షమవుతాడు, బంగారం ఇస్తే పోయిన ప్రమాణాన్ని తిరిగి ఇప్పిస్తాడు. అదే గేమ్‌లో ఆస్టారియన్ అనే రక్తపిశాచి దొంగను జనం గుండెల్లో పెట్టుకున్నారు. వాణ్ని నేనూ ఇష్టపడ్డాను. బంగారం ఇచ్చి ప్రమాణం కొనుక్కోవడం మాత్రం నాకు మింగుడు పడదు.

వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం. నా పాలడిన్ చేతికి ఆ మహిమ తిరిగి రాలేదు. దెబ్బ తగిలితే బావ దొంగే గుడ్డ చింపి కట్టు కడుతున్నాడు.