పనామా లాకులు – ఇంటిభాష

రెండు సముద్రాలను కలిపే కాలువ అనగానే ఒకే మట్టాన సాగే నీటిదారి అనుకుంటాం. పనామా కాలువలో మాత్రం ఓడ మెట్లెక్కి దిగాలి. అట్లాంటిక్ వైపు గాటున్ దగ్గర మూడు మెట్లు ఎక్కుతుంది. చాగ్రెస్ నదికి ఆనకట్ట వేసి, సముద్రమట్టానికి 26 మీటర్ల ఎత్తున నిలిపిన సరస్సును దాటుతుంది. ఆ పైన పెడ్రో మిగెల్‌లో ఒక మెట్టు, మీరాఫ్లోరెస్‌లో రెండు మెట్లు దిగి పసిఫిక్ చేరుతుంది. మొత్తం దూరం సుమారు 80 కిలోమీటర్లు.

గోదావరి కాలువల్లో పడవ ప్రయాణం చేసిన మన పెద్దలకు ఈ పద్ధతి కొత్త కాదు. వాళ్ల నోట ‘లాకులు’ ఎప్పుడో తెలుగు మాటైపోయింది. తలుపులు మూసి పైనుంచి నీరు వదిలితే, నీటితోపాటు ఓడా లేస్తుంది. పంపులు లేవు, పల్లమెరిగిన నీరే పని చేస్తుంది. పాత లాకుల వెడల్పు 33.5 మీటర్లు. మా ఓడ డెక్కు మీద నిలబడితే కాంక్రీటు గోడ చేతికందుతుందేమో అనిపించింది. ఓడను గోడలకు తగలకుండా పట్టి ఉంచే విద్యుత్ ఇంజన్లను అక్కడ కంచరగాడిదలంటారు. ఒక్క ఓడ దాటితే సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీరు సముద్రం పాలు. అందుకే 2023 అనావృష్టిలో రోజుకు దాటే ఓడల సంఖ్య తగ్గించారు.

పొద్దున గాటున్ చేరిన ఓడ సాయంత్రానికి పనామా నగరం చేరింది. మర్నాడు పాతబస్తీ చూశాను. స్పెయిన్‌వాళ్లు 1519లో స్థాపించిన మొదటి నగరం 1671లో హెన్రీ మోర్గన్ దాడిలో కాలిపోతే, 1673లో మరోచోట దీన్ని కట్టారు. ఇరుకు వీధులు, ఇనుప కటకటాల వసారాలు, చర్చీలు. చివర సముద్రపు ఒడ్డున ఫ్రాన్స్ కూడలి. అందులో లెస్సెప్స్ విగ్రహం. ఆయన కంపెనీ 1881లో తవ్వకం మొదలుపెట్టి 1889లో దివాలా తీసింది. పచ్చజ్వరం, మలేరియా, ప్రమాదాలకు సుమారు 22 వేలమంది బలయ్యారని అంచనా. 1904లో అమెరికా పని చేపట్టి 1914 ఆగస్టు 15న కాలువ తెరిచింది. ఆ పదేళ్లలో అధికారిక లెక్క ప్రకారమే 5,609 మంది పోయారు.

మట్టి తవ్విందెవరు? ఎక్కువమంది వెస్టిండీస్ నల్లజాతివాళ్లు. ఒక్క బార్బడోస్ నుంచే సుమారు 20 వేలమంది వచ్చారు. చాలామందికి కూలి గంటకు 10 సెంట్లు. అమెరికన్ల పేర్లు ‘బంగారు’ పట్టీలో, వీరివి ‘వెండి’ పట్టీలో. పోస్టాఫీసు కిటికీలు, దుకాణాలు, నివాసాలు, బడులు అన్నీ వేరు.

కాలువ పూర్తయ్యాక వీరిలో చాలామంది అక్కడే ఉండిపోయారు. ఇంట్లో ఇంగ్లీషు, వీధిలో స్పానిష్. 1941లో ఆర్నుల్ఫో ఆరియాస్ ప్రభుత్వం తెచ్చిన రాజ్యాంగం, స్పానిష్ మాతృభాష కాని నల్లజాతివారి వలసను నిషేధించింది. అదే జాబితాలో భారతదేశపు జాతులనూ చేర్చింది. ఆ గడ్డమీదే పుట్టిన ఎందరో పిల్లల పౌరసత్వం పోయింది. 1946 రాజ్యాంగం వచ్చాక గాని ఆ అన్యాయం తొలగలేదు.

వారి పాత చెక్క ప్రార్థనామందిరం ఒకటి తర్వాత మ్యూజియమైంది. లెస్సెప్స్ కూడలికి వెళ్లినవారు అక్కడికీ వెళ్లాలి. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరిగిన మనకు ఆ 1941 నాటి షరతు దూరదేశపు సంగతిగా తోచదు. నేల తవ్వినవాడిని కూలికి పిలిచినప్పుడు ఎవరూ అతని మాతృభాష ఏమిటని అడగలేదు.