ముక్కల మధ్య నడిచిందెవరు?

పెయ్య నేలకొరిగింది. మూడేళ్ళది, ఒళ్ళంతా కండ. గొంతు కోయడం ఎంతసేపు? అసలు పని ఇప్పుడు మొదలైంది. అబ్రాము మోకాళ్ళ మీద కూర్చుని మెడ నుంచి తోక దాకా వెన్ను వెంబడి దాన్ని రెండుగా చీలుస్తున్నాడు. ఎముక అడ్డుపడ్డ చోటల్లా కత్తి ఆగుతుంది. ఊపిరి బిగబట్టి, రెండు చేతులతో నొక్కి మళ్ళీ కదిలిస్తాడు. వయసు డెబ్భై అయిదు దాటింది. మోచేతుల దాకా నెత్తురు, గడ్డం చుట్టూ ఈగలు. మీరు రెండడుగుల దూరంలో నిలబడి చూస్తున్నారు. వాసన భరించలేకపోతే గాలి వచ్చే వైపుకు జరగండి గాని వెళ్ళిపోకండి. పొద్దు గుంకేదాకా ఇక్కడ పని ఉంది.

ఇది హెబ్రోను. యెరూషలేముకు దక్షిణంగా 30 కిలోమీటర్లు, సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తు. కాళ్ళ కింద సున్నపురాయి నేల, అల్లంత దూరంలో మమ్రే సింధూర వృక్షాలు, వాటి నీడన గుడారాలు. మమ్రే అంటే ఈ తోపు ఆసామి. అమోరీయుడు. అబ్రాముకు మాత్రం ఇక్కడ సెంటు భూమి లేదు. మందలు తోలుకొచ్చి గుడారం వేసుకున్న పరదేశి.

పెయ్య అయ్యాక మేక, మేక అయ్యాక పొట్టేలు. అన్నీ మూడేళ్ళవే. ఒక్కొక్క దాన్నీ నిలువునా చీల్చి, ఒక సగం ఇటు, ఒక సగం అటు ఎదురెదురుగా పెడుతున్నాడు. తెల్లగువ్వను, పావురపు పిల్లను మాత్రం చీల్చలేదు. రెండు వరసల నడుమ మనిషి నడిచిపోయేంత బాట ఏర్పడింది. ఆదికాండం 15వ అధ్యాయం జాగ్రత్తగా చదివితే దేవుడు వీటిని తెమ్మన్నాడంతే. కోయమని గాని, ఇలా పేర్చమని గాని చెప్పినట్టు లేదు. చెప్పనక్కర లేకపోయింది. ఈ ఏర్పాటు దేనికో అబ్రాముకు తెలుసు.

అతని చేతి పని సాగుతుండగా, రాత్రి ఏం జరిగిందో వినండి. ఈ మధ్యనే అతను తన ఇంట పుట్టి పెరిగిన 318 మందిని వెంటబెట్టుకుని నలుగురు రాజులను తరిమికొట్టి, చెరపట్టిన సోదరుడి కొడుకు లోతును విడిపించుకొచ్చాడు. దోపిడీ సొమ్ము నువ్వే ఉంచుకోమని సొదొమ రాజు అంటే, నూలుపోగు, చెప్పుల వారు కూడా వద్దన్నాడు. అంటే శత్రువులు మిగిలారు, చేతికి ఏమీ రాలేదు. ఆ స్థితిలో దేవుడు దర్శనంలో కనిపించి భయపడవద్దు, నీకు డాలుగా ఉంటాను, నీ బహుమానం గొప్పదవుతుంది అన్నాడు. మరొకడైతే సాష్టాంగపడి ఊరుకునేవాడు. అబ్రాము ఊరుకోలేదు. ఏమిచ్చి ఏం లాభం, నాకు సంతానం లేదు, ఉన్నదంతా నా ఇంట ఉన్న దమస్కు వాడైన ఎలీయెజెరు పాలవుతుంది కదా అని నిలదీశాడు. దేవుడు అతన్ని ఆరుబయటికి రప్పించి, లెక్కపెట్టగలిగితే పెట్టమని చుక్కల్ని చూపించాడు. నీ సంతానం అంత అవుతుందన్నాడు. అబ్రాము నమ్మాడు. ఆ నమ్మకం నీతిగా జమ అయింది.

ఆదివారం ప్రసంగాలు చాలావరకు ఇక్కడే ఆగుతాయి. చుక్కలు చూడముచ్చటగా ఉంటాయి, కళేబరాలు ఉండవు. కానీ కథ ఆగలేదు. ఈ దేశం నీకిస్తానని దేవుడు అనగానే, అప్పుడే నమ్మిన ఆ అబ్రామే, సరే, అందుకు రుజువేమిటని అడిగాడు. దేవుడు కోప్పడలేదు. పశువులను తెమ్మన్నాడు. అందుకే ఈ నెత్తురు.

ఎండ ఎక్కింది. చేయవలసిందంతా చేసి అబ్రాము ఒక పక్కన కూర్చున్నాడు. మాట లేదు, దర్శనం లేదు. పైన గద్దలు తిరుగుతున్నాయి. ఒకటి దిగి పొట్టేలు పక్కటెముకల మీద వాలింది. ముసలాయన లేచి అదిలించాడు. అది ఎగిరి అవతలి వరసలో వాలింది. మళ్ళీ లేచాడు. ఈ ఒడంబడికలో అబ్రాము వంతు శ్రమ ఏదైనా ఉంటే ఇదే: కోయడం, పేర్చడం, గద్దల్ని తోలడం.

ఈ ముక్కల మధ్య బాట ఏమిటంటారా? మాట ఇచ్చినవాడు దానిలోంచి నడవాలి. నడిచాడంటే, మాట తప్పితే నాకూ ఈ గతి పట్టుగాక అని ఒట్టు పెట్టుకున్నట్టే. ఈ కథాకాలానికి చాలా తరువాతివే అయినా, ఇలాంటి ఒట్లకు రాతలో సాక్ష్యాలున్నాయి. సిరియాలో అలెప్పో దగ్గర సెఫిరెలో దొరికిన రాతిఫలకాలు క్రీ.పూ. 8వ శతాబ్దానివి. అర్పదు రాజు మతీయేలు ఒప్పందం మీరితే ఈ దూడను నరికినట్టే అతన్నీ నరకాలని అరామిక్ భాషలో చెక్కారు. అదే మతీయేలుతో అష్షూరు రాజు చేయించుకున్న మరో ఒప్పందంలో గొర్రెపిల్లను తెచ్చి, ఇది గొర్రె తల కాదు, మతీయేలు తల అనిపించాడు. అయినా అతను అష్షూరుకు ఎదురు తిరిగాడు. క్రీ.పూ. 740లో అర్పదు అష్షూరు చేతిలో పడింది.

యూదులూ ఈ బాటలో నడిచారు. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించినప్పుడు సిద్కియా రాజు కాలపు పెద్దలు తమ దాసులను విడుదల చేస్తామని, కోసిన దూడ ముక్కల మధ్య నడిచి మాట ఇచ్చారు. సైన్యం కాస్త వెనక్కి తగ్గగానే ఆ దాసులనే మళ్ళీ పట్టి తెచ్చుకున్నారు. ఆ దూడ గతే మీకూ పడుతుందని, మీ శవాలు పక్షుల పాలవుతాయని యిర్మీయా ప్రవక్త వాళ్ళ ముఖం మీదే చెప్పాడు.

కాబట్టి ఇప్పుడు బాట వైపు చూడండి. దానిలో నడవవలసింది ఎవరు? సామాన్యంగా అయితే చిన్నవాడు నడుస్తాడు, పెద్దవాడు చూస్తాడు. అబ్రాము తన వంతు కోసమే కూర్చున్నాడని నాకనిపిస్తుంది.

పొద్దు వాలింది. ముసలాయన తల వాలిపోయింది. ఇది అలసట నిద్ర కాదు. చుట్టూ చీకటి కమ్ముకుంది, దానితోపాటు చెప్పలేని భయం. ఆ చీకట్లో మాట వినిపిస్తోంది. వినడానికి తియ్యగా లేదు. నీ సంతానం తమది కాని దేశంలో 400 ఏళ్ళు దాస్యం చేస్తుంది, బాధలు పడుతుంది. తరువాత మంచి ఆస్తితో బయటికి వస్తుంది. నువ్వు మాత్రం ముసలితనంలో నెమ్మదిగా పోతావు. నాలుగో తరం ఇక్కడికి తిరిగి వస్తుంది, ఎందుకంటే అమోరీయుల పాపం ఇంకా పండలేదు.

ఆ చివరి ముక్క దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అమోరీయులంటే ఎవరో కాదు, ఆ చెట్ల తోపు మమ్రే, అతని అన్నదమ్ములు ఎష్కోలు, ఆనేరు. రాజులను తరిమినప్పుడు అబ్రాము పక్కన నిలబడ్డవాళ్ళు. వాళ్ళ పాపం పండకుండా వాళ్ళ నేల నీకివ్వనని దేవుడు అంటున్నాడు. వాగ్దానం ఒకరికైనా లెక్క అందరికీ చూస్తున్నాడు. ఈ దేశం మాదే అని ఈ అధ్యాయం చూపించేవాళ్ళు ఈ వాక్యాన్ని కూడా చదివితే బాగుండు.

పూర్తిగా చీకటి పడింది. ఇప్పుడు కళ్ళు తిప్పుకోకండి. బాట ఆ చివర పొగ లేచింది. మన హోటళ్ళలో తందూరీ రొట్టెలు కాల్చే మట్టిపొయ్యి లాంటిది, లోపల నిప్పు కణకణలాడుతూ పొగలు కక్కుతూ కదిలి వస్తోంది. దానితో ఒక మండే దివిటీ. పట్టుకున్న చెయ్యి లేదు. చీలిన పెయ్య సగాల నడుమ నుంచి, మేక నడుమ నుంచి, పొట్టేలు నడుమ నుంచి ఆ నిప్పు సాగిపోయింది. నెత్తురు ఒక్క క్షణం ఎర్రగా మెరిసింది. అంతే.

అబ్రాము లేచి దాని వెనక నడిచినట్టు గ్రంథంలో ఒక్క మాట లేదు.

ఆ నిప్పు దేవుడి ఉనికికి గుర్తు. నిబంధన, అంటే ఈ ఒడంబడిక, అర్థం ఇదే. మాట తప్పితే చీలిపోవడానికి ఒప్పుకున్నది చిన్నవాడు కాదు, పెద్దవాడు. 1970లో మోషె వైన్‌ఫెల్డ్ అనే పండితుడు దీన్ని సామంతుల మెడకు చుట్టే ఒప్పందాలతో కాక, నమ్మిన సేవకులకు రాజులు ఇచ్చే ఈనాములతో పోల్చి చూడాలని వాదించాడు. ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందన్నది పండితుల తగవు. నిప్పు ఒక్కటే నడిచిందన్నది మాత్రం కళ్ళెదుట కనిపిస్తూనే ఉంది. అబ్రాము తన ఒంటి మీద గుర్తు వేయించుకోవలసిన సున్నతి నిబంధన తరువాతి మాట. అప్పటికి అతనికి 99 ఏళ్ళు, పేరు అబ్రాహాము.

ఈ రాత్రి చూసిన మనిషి తెల్లారేసరికి మారిపోయాడనుకుంటే పొరపాటు. తరువాతి అధ్యాయంలోనే అతని భార్య శారయి తన ఐగుప్తు దాసి హాగరును అతనికి ఇచ్చి, ఆమె గర్భవతి కాగానే బాధలు పెడుతుంది. నీ దాసి నీ ఇష్టం అని అతను తప్పుకున్నాడు. తన వాళ్ళు పరాయి దేశంలో పడబోయే దాస్యం గురించి విన్న చెవులే అవి. అయినా దేవుడు మాట వెనక్కి తీసుకోలేదు. ఎడారి దారిలో హాగరుకు కూడా ఒక వాగ్దానం దొరికింది.

ఐగుప్తు నది నుంచి యూఫ్రటీసు దాకా ఇస్తానన్న దేశంలో అబ్రాహాము కొన్న భూమి ఒక్కటే, హెబ్రోనులోని మక్పేలా గుహ, దాని పొలం. భార్యను పాతిపెట్టడానికి. హిత్తీయుడైన ఎఫ్రోను ఊరికే తీసుకోమన్నా వినక 400 తులాల వెండి తూచి ఇచ్చాడు. 175 ఏళ్ళకు అతను చనిపోతే శారయి కొడుకు ఇస్సాకు, హాగరు కొడుకు ఇష్మాయేలు ఇద్దరూ కలిసి అక్కడే పాతిపెట్టారు.