ఆకు కోసం ఒక నిమ్మచెట్టు

నిమ్మజాతి చెట్టును పండు కోసం పెంచడం లోకరీతి. ఆకు కోసం పెంచేవారు కూడ ఉన్నారనడానికి కోల్‌కతా నగరపు పాత ఇళ్లే సాక్ష్యం. డాబా మీద తులసిమొక్క పక్కన పెద్ద మట్టితొట్టిలో గంధరాజ నిమ్మ కనిపించడం ఇక్కడ అరుదు కాదు. మనకు గంధరాజమనగానే తెల్లని పువ్వు తలపునకు వస్తుంది. వంగభాషలో ఆ పువ్వుకూ ఈ నిమ్మకూ అదే పేరు. కాయ కోలగా ఉంటుంది. తోలు మందం, రసం స్వల్పం. పరిమళమంతా తోలులోనూ ఆకులోనూ ఉన్నది. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సన్నని చుక్కలు కనిపిస్తాయి. అవి తైలగ్రంథులు, ఆకును నలిపినప్పుడు చిట్లేవి అవే. బెంగాలీ గృహిణులు ఈ ఆకును ‘ఘోల్’ అనే మజ్జిగలో వేస్తారు. వేసవిలో దబ్బాకు తుంచి, అల్లం, ఉప్పు చేర్చి మనవారు చేసే నీరుమజ్జిగకు అది తోబుట్టువు.

ఈ రెండు ప్రాంతాల మొక్కలను ఒకే గ్రంథంలోకి తెచ్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో కంపెనీ తోటను చూసిన ఈ వైద్యుడు 1793లో కలకత్తాకు వచ్చి, శిబ్‌పూర్ ఉద్యానానికి అధిపతి అయ్యాడు. 1787లో రాబర్ట్ కిడ్ నెలకొల్పిన ఆ ఉద్యానమే 2009 నుంచి ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరిట ఉన్నది. రాక్స్‌బర్గ్ మరణానంతరం శ్రీరాంపూర్‌లో విలియం కేరీ 1832లో మూడు సంపుటాలుగా ముద్రించిన ‘ఫ్లోరా ఇండికా’లో సంస్కృత, వంగ నామాల సరసన తెలుగు నామాలు కూడ చోటు చేసుకున్నాయి. ఆ కేరీయే 1814లో తెలుగు వ్యాకరణాన్ని ప్రచురించినవాడు కావడం గమనార్హం.

అయితే కంపెనీవారి చూపు మిరియాలు, నీలిమందు, టేకు వంటి ఆదాయపు మొక్కల మీద నిలిచింది. మజ్జిగలో పడే ఆకుకు లెక్క రాసేదెవరు? ఆ వాడుకను నిలిపినవి దస్తావేజులు కావు, వంటిళ్లు.

గింజ నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆకు మాత్రం తొలి ఏడే దక్కుతుంది. బదిలీల ఉద్యోగికి ఇంతకన్న అనుకూలమైన చెట్టు లేదు. తొట్టిలో నీరు నిలువరాదు, ఎండ తగలవలె. అసలు శత్రువు నిమ్మ సీతాకోకచిలుక గొంగళి. లేతదశలో అది పక్షిరెట్టలా కనిపించి కంటిని ఏమారుస్తుంది. తినే ఆకు కనుక మందు చల్లకుండా చేతితో ఏరివేయడమే నా పద్ధతి. ఆకును మరిగిస్తే చేదెక్కుతుంది. పొయ్యి దించిన తరువాతనే వేయవలె.

మా మొక్క మా వీధి చివరి పాత ఇంటి నుంచి వచ్చింది. పెరటిచెట్టు కొమ్మకు గాలి అంటు కట్టి, వేళ్లు దిగిన తరువాత కోసి ఇచ్చారు ఆ ఇంటి పెద్దావిడ. మరుసటి ఏడు ఆ ఇంటిని కూల్చి అపార్ట్‌మెంటు లేపారు. పెరడూ లేదు, చెట్టూ లేదు. నిమ్మచెట్ల సంగతి ఏ పురావస్తు జాబితాకూ ఎక్కదు కదా! ఈ వానాకాలంలో మా కొమ్మకు రెండు అంట్లు కట్టాను. ఒకటి పై అంతస్తువారు అడిగారు. రెండవది సామర్లకోటకు తీసుకువెళ్లాలని ఉన్నది.