దొంగతిండి

వర్జీనియాలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం వేయించిన కోడి పెట్టే హోటల్‌కి తీసుకెళ్ళింది. ఖరీదైందేమీ కాదు. మనిషికింత అని ముందే కట్టేస్తే ఎంతైనా తినొచ్చు. స్టీలు ట్రేల నిండా కాళ్ళు, రెక్కలు, తొడముక్కలు. పక్కన ఉడికించిన ఆకుకూర, మొక్కజొన్న. ప్లేటులో రెండు కాలుముక్కలు వేసుకుని, ఎందుకో చుట్టూ చూశాను. ఎవరూ నన్ను పట్టించుకోవడం లేదు. అరవై దాటినదాన్ని, డబ్బు కట్టి తింటున్నదాన్ని, నేనెందుకు భయపడ్డాను?

మా నాయనమ్మ కోడిని కోయించి, ముక్కలు లెక్కపెట్టి అమ్మకిచ్చేది. కాళ్ళు నాన్నకీ అన్నయ్యకీ. కార్జం తమ్ముడికి. అందరూ తిన్నాక అమ్మకి మెడముక్కా, గిన్నె అడుగున మిగిలిన పులుసూ. ఒకసారి ఉప్పు చూడ్డానికి అమ్మ చిన్న ముక్క నోట్లో వేసుకుంది. సరిగ్గా అప్పుడే నాయనమ్మ గుమ్మంలోకొచ్చి, "వంటింట్లో దొంగతిండా?" అంది. అమ్మ మొహం నాకింకా గుర్తే. వండిన మనిషి తింటే దొంగతనమెలా అవుతుందని అడగడం అప్పట్లో నాకు తెలియదు.

హోటల్లో ట్రేలు నింపుతున్నావిడ నల్లజాతి స్త్రీ, ఇంచుమించు నా వయసే. ఆవిణ్ణి చూస్తుంటే సైకీ విలియమ్స్-ఫోర్సన్ 2006లో ప్రచురించిన పుస్తకం గుర్తొచ్చింది. నల్లజాతి స్త్రీలు కోడిమాంసంతో తమ బతుకుల్ని ఎలా నిలబెట్టుకున్నారో చెప్పే చరిత్ర అది.

వర్జీనియాలో 1692 చట్టం బానిసలకు సొంతంగా గుర్రాలు, పశువులు, పందులు లేకుండా చేసింది. కోళ్ళ ఊసెత్తలేదు. అందుకే చాలాచోట్ల వాళ్ళు పెంచుకుని, అమ్ముకుని, నాలుగు డబ్బులు కళ్ళజూడగలిగిన ప్రాణి కోడే అయింది. 1824లో మేరీ రాండాల్ఫ్ అనే శ్వేతజాతి గృహిణి వేసిన వంటల పుస్తకంలో కోడివేపుడు ఉంది. అలాంటి ఇళ్ళలో పొయ్యి దగ్గర నిలబడింది మాత్రం బానిస స్త్రీలు. దక్షిణ కరోలినాలో బానిసగా పుట్టిన ఆబీ ఫిషర్‌కి చదవడం రాయడం రాదు. ఆమె నోటితో చెప్తుంటే వేరేవాళ్ళు రాసిన వంటల పుస్తకం 1881లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చయింది. చేతి పనికి తన పేరు పెట్టుకోడానికి ఎంత దూరం నడవాల్సొచ్చిందో చూడండి.

అదే వర్జీనియాలో గోర్డన్స్‌విల్ అని రెండు రైలు దారులు కలిసే చిన్న ఊరుంది. రైళ్ళలో భోజనం పెట్టెలు లేని కాలంలో, నల్లజాతి స్త్రీలు తలమీద పళ్ళేలు పెట్టుకుని, వేయించిన కోడిముక్కలు, కాఫీ కిటికీల్లోంచి ప్రయాణికులకు అందించేవాళ్ళు. ఆ సంపాదనతో పిల్లల్ని సాకారు, ఇళ్ళు కట్టుకున్నారు. వాళ్ళలో ఒకామె కూతురు, తమ ఇల్లు కోడికాళ్ళమీదే లేచిందని ముసలితనంలో గర్వంగా చెప్పుకుంది.

మరి లోకం వాళ్ళకిచ్చిన పేరేమిటి? కోడిదొంగలు. నల్లవాళ్ళు కోళ్ళు దొంగిలిస్తారని పాటలు కట్టారు, పోస్టుకార్డులు వేశారు. 1915లో వచ్చిన 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్' సినిమాలో శాసనసభలో కూర్చున్న నల్లజాతి సభ్యుడి చేతిలో కోడికాలు పెట్టి నవ్వించారు. వండింది వాళ్ళు, అమ్మింది వాళ్ళు. దొంగలూ వాళ్ళే.

ఆ అనుమానం నవ్వుతో ఆగిపోలేదు. ఉత్తర కరోలినాలోని హామ్లెట్ అనే ఊళ్ళో కోడిమాంసం వేయించి ప్యాక్ చేసే కర్మాగారం ఉండేది. చవక తిండి దుకాణాలకు సరుకు అక్కణ్ణించి వెళ్ళేది. 1991 సెప్టెంబర్ 3న నూనె కాగే పెద్ద యంత్రం దగ్గర మంటలు లేచాయి. కార్మికులు తలుపుల వైపు పరిగెత్తారు. తలుపులకు తాళాలు. కోడిముక్కలు ఎత్తుకెళ్తారేమోనని వేసిన తాళాలు. 25 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కూడా. 11 ఏళ్ళలో అక్కడ ఒక్కసారైనా భద్రతా తనిఖీ జరగలేదు. 1992లో యజమానికి దాదాపు 20 ఏళ్ళ శిక్ష పడింది. నాలుగేళ్ళకే బయటికొచ్చాడు.

మా అమ్మ పడ్డ మాటనీ, బానిసత్వాన్నీ, ఆ తాళాల్నీ ఒకే తూకంలో వెయ్యడం లేదు. మా వంటిల్లు మా అమ్మని చంపలేదు. పైగా మన ఊళ్ళలోనే కులం పేరుతో తిండి గురించి ఇంతకంటే ఘోరమైన మాటలు పడ్డ ఆడవాళ్ళున్నారు. కానీ అనుమానం మాత్రం ఎప్పుడూ ఒకవైపుకే నడుస్తుంది. తినేవాళ్ళని ఎవరూ లెక్క అడగరు. వండే చేతులకే కాపలా.

ట్రేలు నింపే ఆవిడ కొత్త ముక్కలు తెచ్చి, ఇవి ఇప్పుడే వేయించినవి, తీసుకోమంది. నువ్వు తిన్నావా అని అడగాలనిపించింది. అడగలేకపోయాను. "ఇంకోటి వేసుకో అమ్మా, ఇక్కడ లెక్కేం లేదు" అంది అమ్మాయి నవ్వుతూ. వేసుకున్నాను. ఈసారి చుట్టూ చూడలేదు.

ఆ రోజు నాయనమ్మ వెళ్ళిపోయాక ఆ ముక్కని మింగావా, ఊసేశావా అని మా అమ్మని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే అమ్మ లేదు.