పారిశ్రామిక ధూళి వడపోతల ఎంపిక

కర్మాగారాల గాలి నుండి ధూళిని వేరుచేసే సాధనాలను పారిశ్రామిక ధూళి వడపోతలు (డస్ట్ ఫిల్టర్లు) అంటారు. సిమెంటు, ఉక్కు, థర్మల్ విద్యుత్తు, పంచదార, మందుల పరిశ్రమలలో వీటి అవసరం ఎక్కువ. అన్ని రకాల ధూళికీ పనికివచ్చే సాధనం ఏదీ లేదు. కణాల పరిమాణం, వాయువు ఉష్ణోగ్రత, తేమ, ధూళికి మండే గుణం ఉన్నదా లేదా అన్న విషయాలు తెలిసిన తరువాతనే ఎంపిక చేయాలి.

కణ పరిమాణం

ధూళి కణాలను మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాన్. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లకు మించిన కణాలు చాలావరకు ముక్కు, గొంతులలోనే ఆగిపోతాయి. సుమారు 4 మైక్రాన్ల కంటే చిన్నవి ఊపిరితిత్తుల లోతులకు చేరగలవు. పలుగురాయి పొడిలోని స్ఫటిక సిలికా ఇలా ఏళ్ళ తరబడి చేరితే సిలికోసిస్ అనే వ్యాధి వస్తుంది. దీనిని నయంచేసే మందు లేదు. కనుక నివారణ ఒక్కటే మార్గం.

సామర్థ్య శాతం

వడపోత సామర్థ్యాన్ని సాధారణంగా అది పట్టుకున్న ధూళి బరువును బట్టి చెబుతారు. గోళాకార కణం బరువు దాని వ్యాసపు ఘనాన్ని అనుసరిస్తుంది. అనగా 10 మైక్రాన్ల కణం ఒక్కటే, అదే పదార్థపు 1 మైక్రాన్ కణాలు 1000 కలిసినంత తూగుతుంది. అందువలన 90 శాతం సామర్థ్యం గల సాధనం కూడా ముతక ధూళిని పట్టి, హానికరమైన సన్నని ధూళిని వదిలివేయవచ్చు. ఏ పరిమాణపు కణాలను ఎంత శాతం పట్టగలదో విడిగా తెలుసుకోవాలి.

ముఖ్య రకాలు

సైక్లోన్: గాలిని సుడులు తిప్పి, అపకేంద్ర బలంతో ముతక కణాలను వేరుచేస్తుంది. చవకైనది. 10 మైక్రాన్ల లోపు కణాలకు అంతగా చాలదు. ఇతర సాధనాలకు ముందు అమరుస్తారు.

బ్యాగ్ ఫిల్టరు: గుడ్డ సంచులతో వడపోస్తుంది. సామర్థ్యం 99 శాతానికి పైగా ఉంటుంది. గుడ్డపై పేరుకున్న ధూళి పొర కూడా వడపోతకు తోడ్పడుతుంది. అందుచేత సాధారణ గుడ్డలలో కొత్త సంచి కంటే కొంత వాడిన సంచి సన్నని ధూళిని బాగా పడుతుంది.

ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్: కణాలకు విద్యుదావేశం కలిగించి పలకల వైపు ఆకర్షిస్తుంది. అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కాట్రెల్ దీనికి 1908లో పేటెంటు పొందాడు. బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రాలలో ఎక్కువగా వాడతారు. భారతీయ బొగ్గులో బూడిద ఎక్కువ, గంధకం తక్కువ. ఆ బూడిదకు విద్యుత్ నిరోధం అధికం కనుక పెద్ద సాధనం కావలసివస్తుంది.

వెట్ స్క్రబ్బర్: నీటి తుంపరలతో ధూళిని తడిపి పడుతుంది. తేమగల, జిగురు ధూళికి అనువైనది. అయితే మిగిలే బురదనీటిని శుద్ధి చేయాలి.

సంచి గుడ్డ, వైశాల్యం

పాలియెస్టర్ గుడ్డ సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వరకు, అరామిడ్ గుడ్డ సుమారు 200 డిగ్రీల వరకు, గాజునార సుమారు 260 డిగ్రీల వరకు తట్టుకుంటాయి. వాయువు మరీ చల్లబడినా చిక్కే. తేమ నీరుగా మారి, సిమెంటు ధూళి వంటిది సంచిపై గట్టిపడుతుంది.

గంటకు 30,000 ఘనమీటర్ల గాలి అంటే నిమిషానికి 500 ఘనమీటర్లు. గుడ్డ గుండా గాలి వేగం నిమిషానికి 1 మీటరు ఉండాలంటే 500 చదరపు మీటర్ల గుడ్డ అవసరం. ఖర్చు తగ్గించుటకు సంచుల సంఖ్య తగ్గిస్తే వేగం పెరిగి, ధూళి గుడ్డలోకి దిగి, సంచులు త్వరగా పాడవుతాయి.

పేలుడు ప్రమాదం

పంచదార, పిండి, బొగ్గు, అల్యూమినియం పొడులు గాలిలో కలిసినపుడు నిప్పురవ్వకే పేలగలవు. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, పోర్ట్ వెంట్‌వర్త్ పంచదార కర్మాగారంలో జరిగిన ధూళి పేలుడులో 14 మంది మరణించారు. ఇటువంటి చోట్ల స్థిరవిద్యుత్తును భూమిలోకి పంపే గుడ్డ, పేలుడు ఒత్తిడిని బయటకు వదిలే తలుపులు తప్పనిసరి.

నిర్వహణ

సంచులకు ఇరువైపులా గల ఒత్తిడి తేడాను రోజూ నమోదు చేయాలి. తేడా క్రమంగా పెరిగితే సంచులు పూడుకుంటున్నాయని, హఠాత్తుగా తగ్గితే సంచి చిరిగి ఉండవచ్చునని గ్రహించాలి. చిరిగిన ఒక్క సంచి గుండా శుద్ధికాని గాలి నేరుగా బయటకు పోతుంది.