మిల్లు గ్రీజులో దాగిన ముచ్చట

దగ్గరికి జరగండర్రా. ఒరే అబ్బాయ్, ఆ తాటిమట్ట కాస్త మంటలోకి తొయ్యి.

నా చిన్నప్పుడు మా మేనమామ ఇక్కడే అవనిగడ్డలో రైసుమిల్లు ఇంజను చూసేవాడు. ఆయన దగ్గర డబ్బాలో నల్లటి గ్రీజు ఉండేది. వేళ్ల మధ్య పెట్టి నలిపితే సర్రున జారేది. అందులో కలిపే పొడి మాలిబ్డినం డైసల్ఫైడ్ అని బందరులో డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది. లోపలంతా తమలపాకుల కట్టలా పొరలు. పొరకీ పొరకీ పట్టు తక్కువ. ఆ జారుడంతా అందుకే.

ఆ పొడిలో ఇంకో ముచ్చటా దాగుంది. దానికి కాస్త వెనక్కి వెళ్లాలి. 1911లో హాలండులో కామర్లింగ్ ఓన్స్ అనే ఆయన పాదరసాన్ని సున్నాకి కింద 269 డిగ్రీల దాకా చల్లార్చాడు. కరెంటుకి అడ్డన్నదే లేకుండా పోయింది. దాన్నే అతివాహకత అంటారు. మన గ్రీజు పొడికి తనంతట తనకి ఆ గుణం లేదు. 1971లో అమెరికాలో దాని పొరల మధ్యకి పొటాషియంలాంటి లోహాలు ఎక్కించి చల్లారిస్తే, అదీ అతివాహకమైంది! మన దివిసీమలో ఉప్పెన వచ్చిన రెండేళ్లకి, 1979లో, ఇలాంటి పొరల్లోకి ఏమేం ఎక్కించవచ్చో జి.వి. సుబ్బారావుగారు షేఫర్ అనే ఆయనతో కలిసి ఓ పుస్తకంలో అధ్యాయం రాశారు. మద్రాసు ఐఐటీలో పనిచేసిన పెద్దమనిషి. ఆ పేరు చూసి నాకెంత సంబరమయిందో!

ఇప్పుడు మీ మూడు వేళ్లకి ఎదురుగా ఇంకో చేతి మూడు వేళ్లు ఆనించండి. గ్రీజు పొడిలో లోహపు పరమాణువుకి పైన మూడు, కింద మూడు గంధకాలు అచ్చం ఇలా ఎదురెదురుగా ఉంటాయి. అదే దాని నిలకడైన అమరిక. అందులో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరగలేవు. పై చెయ్యి కొంచెం తిప్పి, వేళ్లు సందుల్లోకి వచ్చేలా పెట్టండి. పరమాణువులు అవే, కానీ ఇప్పుడది లోహంలా కరెంటు పోనిస్తుంది.

ఈ రెండో అమరిక మీ నాయనమ్మ వేరుశనగ అచ్చుల పాకంలాంటిది. ముదురుపాకం పళ్లెంలో పోస్తే అద్దంలా బిగుస్తుంది. కానీ అది దాని అసలు స్థితి కాదు. ఈ సముద్రపు గాలి తగిలిందా, చెమర్చి, మెల్లగా పలుకు కడుతుంది.

2019లో చైనా శాస్త్రవేత్తలు టంగ్‌స్టన్ సల్ఫైడ్‌కి ఆ రెండో అమరికే తెప్పించారు. ఇదీ గ్రీజు పొడికి తోబుట్టువే. ముందు పొటాషియం ఉన్న స్ఫటికం చేసి, తర్వాత ఆ పొటాషియాన్ని మెల్లగా బయటికి లాగేశారు. చుట్టం వెళ్లిపోయినా, చుట్టం కోసం సర్దిన ఇల్లు అలాగే నిలిచింది. దాన్ని సున్నాకి కింద 264 డిగ్రీలకి చల్లారిస్తే అతివాహకం! గట్టిగా వేడి చేశారా, పాత అమరికకే పోతుంది, ఆ గుణమూ పోతుంది.

మా మామ వేళ్లకంటిన ఆ నలుపు చూసి, ఇది జారడానికే పుట్టిందనుకున్నాను. దేన్నైనా ఇంతే అని తేల్చెయ్యకూడదర్రా.

ఇదిగో, తలా ఒక అచ్చు తీసుకుని, డబ్బా మూత బిగించండి. గాలి తడిగా ఉంది.